జొన్న మల్లెలో రెండు జాతులు: స్ట్రైగా ఏషియాటికా, స్ట్రైగా డెన్సిఫ్లోరా – గుర్తింపు, ప్రాధాన్యం

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చల్క నేలలలో వర్షాధారంగా జొన్న పండించే రైతులకు ‘మల్లె’ అనే కలుపు చిరపరిచితమైనది. పైరు మోకాలెత్తు దాటిన తరువాత జొన్న మొదళ్ల చుట్టూ జానెడు ఎత్తున లేచి, చిన్న తెల్లని పూలు పూసే ఈ మొక్క చూపునకు అల్పమైనదే. కాని నేల లోపల దాని వేరు జొన్న వేరుకు అతుక్కొని, పైరుకు చేరవలసిన నీటిని, లవణాలను, పిండిపదార్థాలను కొంతమేరకు తానే గ్రహిస్తుంది. తేమ ఉన్న నేలలోనే పైరు వాడినట్లు కనిపించడం, ఎదుగుదల గిడసబారడం, కంకి చిన్నదిగా రావడం దీని ఫలితాలు.

క్షేత్ర పరిశీలనా పత్రాలలో దీనిని సాధారణంగా ‘మల్లె (స్ట్రైగా)’ అని ఒక్క మాటతో నమోదు చేస్తున్నాము. నిజానికి తెల్లని పూలతో జొన్నపై కనిపించే మల్లె ఒకే జాతికి చెందినది కాదు. స్ట్రైగా ఏషియాటికా, స్ట్రైగా డెన్సిఫ్లోరా అనే రెండు సన్నిహిత జాతులు ఈ పేరు కింద కలిసిపోతున్నాయి. ఈ రెండింటిని వేరు చేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పది రెట్లు పెంచి చూపే చేతి లెన్సు చాలును. వీటిని గుర్తించే విధానాన్ని, గుర్తించడం ఎవరికి ఎందుకు అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు, వర్గీకరణ

స్ట్రైగా ప్రజాతిని పూర్వం స్క్రోఫ్యులారియేసి కుటుంబంలో చేర్చేవారు. ఇప్పుడు పరాన్నజీవులైన ఇతర బంధు ప్రజాతులతో పాటు ఒరొబాంకేసి కుటుంబంలో చేర్చుతున్నారు. పొగాకును ఆశించే ‘పొగాకు మల్లె’ అనబడే ఒరొబాంకి కూడా ఇదే కుటుంబానికి చెందినది. అయితే పొగాకు మల్లెలో పత్రహరితం ఉండదు. అది ఆహారానికి పూర్తిగా ఆతిథేయి మొక్కపైనే ఆధారపడుతుంది. జొన్న మల్లె ఆకులు పచ్చగా ఉండి, కిరణజన్య సంయోగక్రియను కొంతవరకు జరుపుతాయి. కనుక ఇది పాక్షిక పరాన్నజీవి. అయినప్పటికీ ఆతిథేయి వేరు దొరకనిదే ఇది బ్రతుకజాలదు. రెండు ‘మల్లె’లకు పేరు ఒకటైనంత మాత్రాన యాజమాన్యం ఒకటి కాదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

స్ట్రైగా ఏషియాటికాను లిన్నేయస్ 1753లో బుక్నెరా ఏషియాటికా అనే పేరుతో వర్ణించాడు. పాత గ్రంథాలలోను, 1960ల నాటి పరిశోధన పత్రాలలోను ఇది స్ట్రైగా లూటియా అనే పేరుతో కనిపిస్తుంది. ఆ రెండు పేర్లు ఒకే మొక్కవి. స్ట్రైగా డెన్సిఫ్లోరాకు ఆ పేరు పెట్టినవాడు బెంథామ్. ‘డెన్సిఫ్లోరా’ అనగా దట్టమైన పూలు గలది అని అర్థం.

ఈ ప్రాంతపు మొక్కల గుర్తింపులో ఒక చారిత్రకమైన ఇబ్బంది ఉన్నది. దక్షిణ భారత వృక్షశాస్త్ర విద్యార్థులు చిరకాలంగా ఆధారపడిన గ్యాంబుల్ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీకి మాత్రమే పరిమితమైనది. కృష్ణకు ఆవలి కర్నూలు ఆ గ్రంథ పరిధిలోనికి వస్తుంది. ఈవలి మహబూబ్‌నగర్, నల్లగొండ నిజాం రాజ్యంలో ఉండడం వలన రావు. అందువలన ఇక్కడి పొలాలలో సేకరించి భద్రపరచిన నమూనాల విలువ మరింత అధికం.

రెండు జాతులకూ సామాన్యమైన జీవితక్రమం

గుర్తింపు లక్షణాలలోనికి వెళ్ళే ముందు, ఈ ప్రజాతి జీవించే తీరును తెలుసుకోవడం అవసరం. స్ట్రైగా విత్తనం ధూళి రేణువు వంటిది. దాని పొడవు మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలను రాల్చుతుంది. ఇవి గాలి, వాననీరు, పశువుల డెక్కలు, పనిముట్లు, కలుషితమైన విత్తనం ద్వారా వ్యాపిస్తాయి. నేలలో పది సంవత్సరాలకు మించి కూడా జీవశక్తిని నిలుపుకోగలవు.

విత్తనం మొలకెత్తడానికి రెండు దశలు కావాలి. మొదట అది వెచ్చని, తేమగల నేలలో ఒకటి రెండు వారాలు నాని ఉండాలి. తరువాత ఆతిథేయి వేరు నుంచి వెలువడే రసాయన సంకేతం అందాలి. ఈ సంకేతాలే స్ట్రైగోలాక్టోన్లు. వీటిలో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేర్ల స్రావం నుంచి వేరుచేశారు. పత్తి స్ట్రైగాకు ఆతిథేయి కాకపోయినప్పటికీ దాని వేరు ఆ విత్తనాన్ని మొలకెత్తించగలదని దీనివలన తెలిసింది. మొక్క తనకు నష్టం కలిగించే పదార్థాన్ని ఎందుకు స్రవిస్తుందనే ప్రశ్నకు సమాధానం 2005లో లభించింది. భాస్వరాన్ని అందించే మైకోరైజా శిలీంధ్రాలను వేరు వద్దకు ఆకర్షించడంలో ఇవే పదార్థాలు పనిచేస్తాయి. మేలు చేసే శిలీంధ్రానికి పంపిన పిలుపును స్ట్రైగా పొంచి వింటున్నదన్నమాట. నేలలో పోషకాలు తక్కువైనప్పుడు జొన్న ఈ పదార్థాలను ఎక్కువగా స్రవిస్తుంది. నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువగా ఉండే చల్క నేలలలో మల్లె ఉధృతి ఎక్కువగా ఉండడానికి గల కారణాలలో ఇది ఒకటి.

మొలకెత్తిన విత్తనానికి కొద్ది రోజులలో ఆతిథేయి వేరు అందకపోతే అది నశిస్తుంది. అందితే మొలక కొన ఉబ్బి, హాస్టోరియంగా మారి, వేరులోనికి చొచ్చుకొనిపోయి దారువును చేరుతుంది. ఆ తరువాత నాలుగు నుంచి ఏడు వారాలు మొక్క నేల లోపలనే పెరుగుతుంది. పైరుకు జరిగే నష్టంలో అధిక భాగం ఈ దశలోనే జరిగిపోతుంది. మొక్క పైకి కనిపించిన నెల రోజులలోపే పూతకు వస్తుంది. కావున పొలంలో తెల్లని పూలు కనిపించాయంటే ఈ సంవత్సరపు నష్టం చాలావరకు జరిగిపోయినదని, రాబోయే సంవత్సరాల నష్టానికి విత్తనం సిద్ధమవుతున్నదని గ్రహించాలి.

గుర్తింపునకు కీలకం: రక్షకపత్రావళి ఈనెలు

రెండు జాతులలోను కాండం నిటారుగా, గరుకుగా ఉంటుంది. ఆకులు సన్నగా, కాడ లేకుండా ఉంటాయి. పువ్వు గొట్టం పైభాగంలో వంగి, రెండు పెదవులుగా విచ్చుకుంటుంది. పై పెదవి చిన్నది. కింది పెదవి మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది. కాయ గుళిక. దూరం నుంచి చూచినప్పుడు ఈ రెండింటికి తేడా కనిపించదు.

తేడా అంతా పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చని గొట్టంలో, అనగా రక్షకపత్రావళిలో ఉన్నది. ఈ గొట్టం గోడ పలుచగా, లేత రంగులో ఉంటుంది. దానిపై ఉబ్బెత్తుగా, ముదురు ఆకుపచ్చగా ఈనెలు నిలువునా సాగుతాయి. హుకర్ సంకలనం చేసిన ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ కాలం నుంచి భారతీయ స్ట్రైగా జాతులను ఈ ఈనెల సంఖ్యతోనే వేరు చేస్తున్నారు.

స్ట్రైగా డెన్సిఫ్లోరా: ఈనెలు 5. ప్రతి ఈనె ఒక్కొక్క దంతం కొనలో ముగుస్తుంది. దంతాల మధ్యనున్న గోడపై ఈనె ఉండదు.

స్ట్రైగా ఏషియాటికా: ఈనెలు సాధారణంగా 10. అయిదు దంతాల కొనలకు పోతాయి. మిగిలిన అయిదు రెండు దంతాల మధ్యనున్న సందుల వద్దకు పోతాయి. కొన్ని పూలలో అదనపు ఈనెలు కనిపించవచ్చు.

స్ట్రైగా అంగుస్టిఫోలియా: ఈనెలు 15. పాత గ్రంథాలలో దీనిని స్ట్రైగా యూఫ్రేసియాయిడిస్ అని పేర్కొన్నారు. ఇది కూడా తెల్లని పూలదే. ముఖ్యంగా గడ్డి జాతులపై, పచ్చిక భూములలో కనిపిస్తుంది. పొలం గట్లపై సేకరించేటప్పుడు దీనిని పై రెండింటితో పొరబడే అవకాశం ఉన్నందున ఇక్కడ పేర్కొనడం జరిగింది.

లెక్కించే విధానం సులభమైనది. కంకి మధ్య భాగం నుంచి పూర్తిగా విచ్చుకున్న పువ్వును రక్షకపత్రావళితో సహా తీసుకొని, వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ లెన్సుతో చూడాలి. మొత్తం లెక్కించడం కష్టమైతే ఒక దంతం కొన నుంచి పక్క దంతం కొన వరకు గల భాగాన్ని మాత్రమే పరిశీలించవచ్చు. రెండు కొనల నుంచి దిగే ఈనెల మధ్య మరొక ఈనె లేకపోతే అది డెన్సిఫ్లోరా. ఒక ఈనె ఉండి సందు వద్ద ముగిస్తే అది ఏషియాటికా. ఒక మొక్కకు కనీసం మూడు నాలుగు పూలను, ఒక పొలంలో వేర్వేరు చోట్ల కొన్ని మొక్కలను చూచిన తరువాతనే నిర్ణయానికి రావాలి. రెండు జాతులు ఒకే పొలంలో కలిసి ఉండవచ్చుననే విషయం మరువరాదు.

ఈ లక్షణానికి మరొక సౌలభ్యం ఉన్నది. పువ్వు రాలిపోయినా రక్షకపత్రావళి కాయను అంటిపెట్టుకొని మిగులుతుంది. పంట కోసిన తరువాత పొలంలో ఎండి నిలిచిన మల్లె కాడలపై కూడా ఈనెలను లెక్కించి జాతిని నిర్ణయించవచ్చు.

ఇతర లక్షణాలు ఎందుకు చాలవు

పుష్పవిన్యాసం దట్టంగా ఉంటే డెన్సిఫ్లోరా, పలుచగా ఉంటే ఏషియాటికా అనే సూత్రం చాలామందికి తెలుసు. బాగా ఎదిగిన మొక్కలలో ఇది చాలావరకు నిజమే. డెన్సిఫ్లోరాలో పూలు దగ్గర దగ్గరగా పేర్చినట్లు ఉంటాయి. ఏషియాటికాలో కంకి సాగినకొద్దీ పూలు ఎడమవుతాయి. కాని ఏషియాటికా లేత కంకి కూడా దట్టంగానే కనిపిస్తుంది. వర్షాభావంలో గిడసబారిన మొక్కలలో ఎడం తగ్గిపోతుంది. మొక్క ఎత్తు, కొమ్మల సంఖ్య, ఆకు పొడవు కూడా ఆతిథేయి బలాన్ని, నేల తేమను, ఒక వేరుపై ఎన్ని మొక్కలు అతుక్కున్నవో దానిని అనుసరించి మారుతాయి. అందువలన ఇవి అనుబంధ లక్షణాలుగా మాత్రమే పనికివస్తాయి.

పూల రంగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆఫ్రికా ఖండంలో స్ట్రైగా ఏషియాటికా పూలు సాధారణంగా ఎర్రగా ఉంటాయి. 1956లో అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల మొక్కజొన్న పొలాలలో బయటపడినది కూడా ఎర్రపూల రకమే. అంతర్జాతీయ పాఠ్యపుస్తకాలలోని రంగు చిత్రాలు ఎక్కువగా వీటివే. మన దేశంలో ఇదే జాతి ప్రధానంగా తెల్లని పూలు పూస్తుంది. ఎర్రపూల చిత్రంతో పోల్చి, తెల్లపూల మొక్క ఏషియాటికా కాదని విద్యార్థి నిర్ణయించుకుంటే, మిగిలిన తెల్లపూల జాతి డెన్సిఫ్లోరా అని రాసే ప్రమాదం ఉన్నది. ఈనెలను లెక్కిస్తే ఈ పొరపాటునకు తావుండదు.

జాతి నిర్ధారణ ఎందుకు అవసరం

రెండింటి జీవితక్రమం ఒకటే అయినప్పుడు, రెండూ జొన్ననే ఆశిస్తున్నప్పుడు, ఈనెలు లెక్కించడం వలన ప్రయోజనం ఏమిటనే ప్రశ్న సహజం. సమాధానం నిరోధక రకాల పరీక్షలో ఉన్నది.

పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ జొన్నలో మల్లె నిరోధకతపై విస్తృతంగా కృషి చేసింది. ఆ కృషి నుంచి వెలువడిన ఎస్.ఎ.ఆర్. వరుస వంశక్రమాల పేరులోనే వాటి పరిధి తెలియజేయబడింది: ‘స్ట్రైగా ఏషియాటికా రెసిస్టెంట్’ అనేది ఆ మూడు అక్షరాల విస్తరణ. ఒక జాతిపై పరీక్షించి పొందిన నిరోధకత మరొక జాతిపై కూడా అదే స్థాయిలో పనిచేస్తుందని పరీక్షించకుండా భావించరాదు. డెన్సిఫ్లోరా అధికంగా ఉన్న పొలంలో ఇటువంటి రకాన్ని వేసి, మల్లె మొలిచినదని నమోదు చేస్తే రకం విఫలమైనదనే తప్పుడు నిర్ణయానికి వస్తాము. ఏషియాటికా మాత్రమే ఉన్న పొలంలో మంచి ఫలితం వస్తే అన్ని ప్రాంతాలకూ సిఫారసు చేసే తొందరపాటు జరుగుతుంది. రెండు సందర్భాలలోను లోపం రకంలో కాక నమోదులో ఉంటుంది.

నిరోధకత పనిచేసే తీరు కూడా ఒకటి కాదు. కొన్ని జొన్న రకాలు మొలకెత్తించే పదార్థాన్ని తక్కువగా స్రవిస్తాయి. ఎన్-13 వంటి రకాలలో వేరు అంతశ్చర్మపు కణాల గోడలు మందమై హాస్టోరియాన్ని లోపలికి పోనీయవు. జొన్నలోని ఎల్.జి.ఎస్.1 అనే జన్యువు లోపించినప్పుడు, వేరు స్రవించే ముఖ్య స్ట్రైగోలాక్టోన్ 5-డియాక్సీస్ట్రైగాల్ నుంచి ఒరొబాంకాల్‌కు మారి, స్ట్రైగా విత్తనాలు తక్కువగా మొలకెత్తుతాయని 2017లో వెల్లడైంది. రసాయన సంకేతంలోని ఇంత సూక్ష్మమైన మార్పే ఫలితాన్ని నిర్ణయిస్తున్నప్పుడు, సంకేతాన్ని అందుకునే విత్తనం ఏ జాతిదో తెలియకుండా చేసిన ప్రయోగం అసంపూర్ణమే.

ఆఫ్రికా సాహిత్యాన్ని ఉపయోగించుకోవడంలోను ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రపంచంలో స్ట్రైగాపై వెలువడిన పరిశోధనలో పెద్ద భాగం స్ట్రైగా హెర్మాంథికాకు సంబంధించినది. అది మన దేశంలో లేదు. పైగా అది పరపరాగ సంపర్కం తప్పనిసరియైన జాతి. ఏషియాటికా ప్రధానంగా ఆత్మపరాగ సంపర్కం జరుపుకుంటుంది. అనగా ఏషియాటికా మొక్క ఒక్కటే పొలంలో మిగిలినా విత్తనం కట్టగలదు. ‘స్ట్రైగా’ అనే ప్రజాతి నామం చూచి ఆ ఫలితాలను యథాతథంగా మన పొలాలకు అన్వయించడం సరికాదు.

ఈ విషయానికి ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. ఈ జిల్లాలలో ఒకప్పుడు జొన్న పండిన భూములలో చాలా భాగం పత్తికి మారింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన తరువాత జొన్న, సజ్జ, కొర్ర పంటలను తిరిగి ప్రోత్సహిస్తున్నారు. పత్తి వేరు స్రావం స్ట్రైగా విత్తనాలను మొలకెత్తించి, ఆతిథేయి లేక నశింపజేస్తుంది గనుక ఈ కాలంలో నేలలోని విత్తన నిల్వ కొంత తగ్గి ఉండవచ్చు. కాని 1966 నాటి ఆ పరీక్షలో వాడినది స్ట్రైగా లూటియా, అనగా ఏషియాటికా విత్తనమే. జొన్న తిరిగి వచ్చే పొలాలలో రెండు జాతులలో ఏది, ఎంత మిగిలి ఉన్నదో ఇప్పుడే నమోదు చేసుకోకపోతే, తరువాత పోల్చుకోవడానికి ఆధారం ఉండదు.

రైతుకు చెప్పవలసినది

విస్తరణ శాస్త్రవేత్తలు ఇక్కడ ఒక భేదాన్ని పాటించాలి. ఈనెల లెక్క పరిశోధకునికి, సర్వే చేసేవారికి అవసరం. రైతుకు మాత్రం రెండు జాతులకూ చేయవలసిన పని ఒకటే.

మల్లె మొక్కలను పూతకు రాకముందే పీకి తగులబెట్టాలి. గుళికలు పగిలిన తరువాత పీకితే విత్తనాన్ని చేతులారా చల్లినట్లవుతుంది. మొలిచిన మల్లెపై లీటరు నీటికి 50 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ లేదా 200 గ్రాముల యూరియా కలిపి, ద్రావణం జొన్న ఆకులపై పడకుండా పిచికారీ చేయవచ్చు. కంది అంతరపంటగా ఉన్న జొన్నలోను, పక్కన పత్తి ఉన్న పొలాలలోను 2,4-డి వాడరాదు. ఆ రెండు పంటలూ దానికి సున్నితమైనవి. పశువుల ఎరువు, సిఫారసు మేరకు నత్రజని, భాస్వరం అందిస్తే ఉధృతి తగ్గుతుంది. జొన్న తరువాత జొన్న వేయక పత్తి, వేరుశనగ వంటి ఆతిథేయి కాని పంటలతో మార్పిడి చేయాలి. ఒక్క సంవత్సరపు పంట మార్పిడితో విత్తన నిల్వ తొలగిపోదని కూడా స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో నాలుగు లక్షలకు పైగా ఎకరాలలో వ్యాపించిన స్ట్రైగాను అదుపు చేయడానికి, నేలలోనికి ఇథిలీన్ వాయువును పంపి విత్తనాలను మొలకెత్తించే పద్ధతితో సహా అనేక చర్యలు దశాబ్దాల పాటు కొనసాగించవలసి వచ్చింది.

నమూనా సేకరణ, నమోదు

మల్లెను లాగితే కాండం వచ్చి, అతుకు నేలలోనే తెగిపోతుంది. ఆతిథేయిని నిర్ధారించాలంటే జొన్న మొదలుతో సహా మట్టిపెళ్లను తవ్వి, నీటిలో నానబెట్టి, మట్టిని మెల్లగా కడిగి వేర్ల అతుకును చూడాలి. పక్కనే గడ్డి మొక్కలు ఉన్నప్పుడు ఇది తప్పనిసరి. స్ట్రైగా మొక్కలు ఎండినప్పుడు నల్లబడతాయి గనుక పూల రంగును, ఈనెల సంఖ్యను పొలంలోనే రాసుకోవాలి. పూర్తిగా విచ్చుకున్న పూలు, కాయలు రెండూ గల మొక్కలను హెర్బేరియం నమూనాలుగా ఎంచుకోవాలి. సేకరించిన మొక్కలను, వేర్ల మట్టిని మూతగల సంచులలోనే తరలించాలి. పాదరక్షలకు, పనిముట్లకు అంటిన మట్టిని ఆ పొలంలోనే దులిపి బయటకు రావాలి.

ప్రతి నమోదులో గ్రామం, మండలం, నేల రకం, ఆతిథేయి పంట, దాని రకం, విత్తిన తేదీ, మల్లె పైకి వచ్చిన తేదీ, లెక్కించిన పూల సంఖ్య, ఈనెల సంఖ్య ఉండాలి. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినందున పాత జిల్లా పేరుతో పాటు కొత్త జిల్లా పేరును కూడా రాయాలి. ఉదాహరణకు జొన్న పరిశోధనకు కేంద్రమైన పాలెం పాత నమోదులలో మహబూబ్‌నగర్ జిల్లాలోను, ఇప్పటి నమోదులలో నాగర్‌కర్నూల్ జిల్లాలోను కనిపిస్తుంది. ఈ వివరం లేకపోతే పాత, కొత్త సమాచారాన్ని పోల్చడం కష్టమవుతుంది.

ముగింపు

స్ట్రైగా ఏషియాటికా, స్ట్రైగా డెన్సిఫ్లోరా ఒకే పంటను, ఒకే నేలను, ఒకే తెలుగు పేరును పంచుకుంటున్న రెండు వేర్వేరు జాతులు. వాటిని పూల రంగుతో గాని, ఎత్తుతో గాని వేరు చేయలేము. రక్షకపత్రావళిపై ఈనెలు 10 ఉన్నవా, 5 ఉన్నవా అని చూస్తే నిమిషంలో తేలిపోతుంది. రైతు పొలంలో మల్లెను పీకించడానికి ఈ లెక్క అవసరం లేదు. కాని ఒక రకాన్ని మల్లెను తట్టుకుంటుందని సిఫారసు చేసే ముందు, ఏ మల్లెను తట్టుకుంటుందో చెప్పగలగాలి. అందుకు ‘మల్లె ఉన్నది’ అనే నమోదు పక్కన ఈనెల సంఖ్యను కూడా రాసే అలవాటును విద్యార్థి దశలోనే అలవరచుకోవాలి.